కారం అంటిన పుస్తకాలు

మిర్చి షెడ్డు లోపల మధ్యాహ్నం ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. రేకుల కంతల్లోంచి దిగిన ఎండ కాయల రాశుల మీద పడి, అక్కడినుంచి లేచి ఆడవాళ్ళ ముఖాలకు అంటుకునేది. గాలిలో సన్నటి దుమ్ము మెరుస్తూ తేలేది. మొదటిసారి లోపలికి అడుగుపెట్టినప్పుడు తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ, నేనింకా నందిగామలోనే ఉన్నానా, బస్సులో నిద్రపోయి కలగంటున్నానా అనుకున్నాను.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఇల్లు జగ్గయ్యపేటలో, కాలేజీ నందిగామలో. కాలేజీ సేవాదళంలో చేరడానికి నా కారణం చిన్నది: అక్కడ వరుసలో నిలబడితే చాలు, మాట్లాడక్కర్లేదు. అలాంటిది, దళాన్ని చూసుకునే మేడం నన్ను అడక్కుండానే అన్నిటికన్నా పెద్ద అవార్డుకు నా పేరు పంపేశారు. దానికోసం పదిమందికి పనికొచ్చే పని ఒకటి సొంతంగా తలపెట్టి నెలల తరబడి నడపాలి. చివర్లో పరీక్షాధికారి స్వయంగా వచ్చి చూస్తారు. దరఖాస్తులో రాసింది అక్కడ కనిపిస్తేనే అవార్డు.

నాకు ఆ అవార్డు కావాలనిపించింది. ఎంత కావాలనిపించిందో డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. "ఈ పిల్లకి నోట్లో నాలుక లేదు" అనే మాట మా ఇంటికొచ్చిన చుట్టాలంతా ఒకసారి అని వెళ్ళేవాళ్ళు. నోరు తెరవకుండానే వాళ్ళందరికీ జవాబు చెప్పాలి. అందుకే లైబ్రరీ అనుకున్నాను. పుస్తకాలే మాట్లాడతాయి, నేను పక్కన నిలబడితే సరిపోతుంది.

కాలేజీకి వెళ్ళే దారిలోనే ఆ షెడ్డు. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా చుట్టుపక్కల ఊళ్ళనుంచి ముప్ఫై నలభై మంది ఆడవాళ్ళు ఆటోల్లో వచ్చి, ఎండుమిరపకాయల తొడిమలు తీసేవాళ్ళు. వాళ్ళను తీసుకొచ్చే మేస్త్రి ఒక పెద్దావిడ. కాయల మధ్య పీట వేసుకుని కూర్చున్న ఆవిడ ముందుకెళ్ళి నిలబడ్డాను.

"ఏం పాపా, ఓట్లకొచ్చావా?"

"కాదు పిన్నీ. పుస్తకాలు..."

"అమ్మడానికా?"

"ఊరికేనే. చదువుకుని మళ్ళీ ఇచ్చెయ్యొచ్చు."

"కాస్త గట్టిగా చెప్పమ్మా. నోట్లో కాయేమన్నా పెట్టుకున్నావా?"

షెడ్డంతా నవ్వింది. కానీ ఒప్పుకున్నారు. జగ్గయ్యపేటలో ఇళ్ళిళ్ళూ తిరిగి సేకరించిన పాత నవలలు, కథల పుస్తకాలు ఓ ఇనప అరలో సర్ది షెడ్డు మూలన పెట్టాను. పదో తరగతి దాకా చదివి ఆపేసిన ఒకామె మొదటి పుస్తకం తీసుకుంది. నాకన్నా రెండు మూడేళ్ళే పెద్ద, అప్పటికే చంటిపిల్ల తల్లి. అన్నాల వేళ బస్తాలకు ఆనుకుని, ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి చదివేది. ఆమెను చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి ఇంకొకరు. రెండు వారాలపాటు నేను నేలమీద నడిచిన గుర్తు లేదు.

ఒక సాయంత్రం, తిరిగొచ్చిన నవల ఒకటి తీసుకుని బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు. సిమెంటు లారీలు దాటిపోతున్నాయి, పత్తిచేలు పొద్దుగుంకే రంగులోకి జారిపోతున్నాయి. నాకొక అలవాటు ఉంది, వేలు నాలుకకు అద్దుకుని పేజీ తిప్పుతాను. మూడో పేజీకి పెదాలు భగ్గుమన్నాయి. ఏమైందో తెలియక చేత్తో కళ్ళు నలుపుకున్నాను. అంతే. జగ్గయ్యపేట దాకా ధారలు కట్టిన కన్నీళ్ళతోనే కూర్చున్నాను. పక్కసీటావిడ నా భుజం తట్టి, "పోన్లేమ్మా, సప్లిమెంటరీ రాసుకోవచ్చు" అంది.

మర్నాడు షెడ్డులో ఒకామె కళ్ళు వాచి కనిపించింది.

"కథ అంత ఏడిపించిందటే?" అని పక్కనావిడ ఎత్తిపొడిచింది.

"కథ కాదే, కారం! దిండు కూడా మండిపోయింది."

చేతులు మండకుండా వాళ్ళు ముందే ఆముదం రాసుకుని పనిలోకి దిగుతారు. ఆ నూనెకు కారం పట్టుకుంటే సబ్బుకు పోదు. పుస్తకాలన్నీ తెరిచి చూశాను. అంచులనిండా ఎర్రటి వేలిముద్రలు. నాకు తట్టాల్సిన మొదటి సంగతి తట్టనే లేదు. గుడ్డతో తుడిచాను, ఎండలో పెట్టాను, అట్టలు వేశాను. ఎవరూ మళ్ళీ అర దగ్గరికి రాలేదు.

"ముట్టుకోకుండా చదివే మంత్రమేదన్నా ఉంటే చెప్పు పాపా" అంది మేస్త్రి పిన్ని.

చంటిపిల్ల తల్లి తల ఎత్తకుండానే అంది: "నువ్వు చదువు. మేం వింటాం. నీ చేతులకి కారం లేదుగా."

మూడు రోజులు ఆ దారిన వెళ్ళలేదు. ఎందుకు చదవలేనో డైరీలో నాలుగు పేజీలు రాసుకున్నాను. పరీక్షాధికారి రావడానికి ఇంకా నెల కూడా లేదు. నాలుగో రోజు వెళ్ళి, ఖాళీ గోతాల మీద కూర్చుని, ఒక నవల మొదటి పేజీ తెరిచాను. గొంతు నాకే వినపడలేదు. తలెత్తి చూశాను, ఎవరూ నన్ను చూడటం లేదు. అన్ని తలలూ కాయల మీదే. తొడిమలు విరుగుతున్న చిటచిట, సన్నవాన మొదలైనట్టు. ఆ చప్పుడులో దాక్కుని చదివాను.

తర్వాతి రోజులు నాకు విడివిడిగా గుర్తులేవు, ఒకే పొడుగాటి ఎర్రటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. చదువుతున్నది నేను కాదనిపించేది. నవలలోని ఏరు షెడ్డులోకి వచ్చి, రాశుల మధ్యగా పారి, మాటలు ఆగితే ఆగేది. ఘట్టం బిగిస్తే చేతులు నెమ్మదించేవి.

"ఆ మొగుణ్ణి నమ్మొద్దని దానికి చెప్పవే పిల్లా" అని మేస్త్రి పిన్ని ఒకరోజు కోప్పడింది.

"చెప్పినా వినదు పిన్నీ. అచ్చేసేశారు."

నేను ఎదురుమాట చెప్పానని నాకు బస్సులో గుర్తొచ్చింది.

పరీక్షాధికారి మేడం విజయవాడ నుంచి వచ్చిన రోజు నేను అధ్యాయం మధ్యలో ఉన్నాను. పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడిన ఆవిణ్ణి చూసి ఆపేశాను.

"ఆపావేం?" అంది మేస్త్రి పిన్ని. "ఏవండీ, ఆ బస్తామీద కూచోండి. చేతులు మాత్రం కళ్ళ దగ్గరికి పోనీకండి."

ఆవిడ కూర్చున్నారు. అధ్యాయం పూర్తి చేశాను. అప్పుడు ఫైలు తెరిచారు.

"లైబ్రరీ అని రాశావు. ఏదమ్మా?"

అర చూపించాను. దానిమీద దుమ్ము పేరుకుని ఉంది.

"మేం రోజూ తీసుకెళ్తాం మేడం" అంది చంటిపిల్ల తల్లి గబుక్కున, నాకోసం.

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం నాకు చేతనైన పనే. కానీ ఆమె నాకోసం అబద్ధం ఆడింది, దాన్ని మోయమని ఆమెమీద వదిలెయ్యలేకపోయాను.

"లేదండి, తీసుకెళ్ళరు. పేజీలకి కారం అంటి కళ్ళు మండుతున్నాయి. నేను పెట్టిన లైబ్రరీ నడవలేదండి. అందుకని చదివి వినిపిస్తున్నా."

ఆవిడ అరలోంచి ఒక పుస్తకం తీసి వాసన చూసి, గట్టిగా తుమ్మారు.

"ఇది నీ దరఖాస్తులో లేదు."

"లేదండి."

"నేను చూసిందే రాస్తా. పైవాళ్ళు ఏమంటారో నా చేతిలో లేదు."

ఒక మాట కొట్టేసి, పైన ఏదో రాసుకున్నారు. ఏం రాశారో కనపడలేదు.

వానాకాలంలో కబురొచ్చింది. అవార్డు ఇచ్చారు. విజయవాడలో పెద్ద హాలు, మెడలో పతకం, చేతిలో మైకు. రెండు మాటలు చెప్పమన్నారు. ఎదురుగా వరుసల నిండా మనుషులు, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తున్నారు. "నమస్కారం. థాంక్యూ అండి" అని దిగిపోయాను.

మళ్ళీ మాఘమాసం వచ్చాక షెడ్డుకు వెళ్ళాను. పతకం చేతులు మారి, ఎర్రబడి, నా దగ్గరికి తిరిగొచ్చింది.

"మైకులో ఏం మాట్లాడావే?" అని అడిగింది మేస్త్రి పిన్ని.

"థాంక్స్ చెప్పా."

"అంతేనా! మాకు అంతంత పుస్తకాలు చదివిన నోరేనా అది?"

"అందరూ నా వంకే చూస్తున్నారు పిన్నీ."

"చూడరా మరి? నువ్వు చదివిన మొదటిరోజు వీళ్ళూ చూడబోయారు. తలెత్తితే పిల్ల పారిపోద్ది, కాయలమీదే చూడండని కళ్ళతోనే కసిరా."

ఎవరూ తలెత్తలేదు. వంచిన తలలతోనే, భుజాలు కదిలేలా, అందరూ నవ్వుతున్నారు. పుస్తకం తెరిచాను కానీ, మొదలుపెట్టాల్సిన పేజీ చాలాసేపటి దాకా దొరకలేదు.