ఫ్లాస్కులో వేడినీళ్లు

కాలిఫోర్నియాలో ఫ్రీవే పక్కనున్న ఆ సోలార్ హైడ్రోజన్ స్టేషన్‌కి ఉమాకాంత్ చంకలో ఫ్లాస్కు లేకుండా రాడు. అందులో ఉండేది కాఫీ కాదు, వేడినీళ్లు. తన హైడ్రోజన్ కారులో గ్యాసు నింపాక, పైపు చివరుండే నాజిల్ మంచుపట్టి కారుకు అతుక్కుపోతుంది. అభిషేకం చేస్తున్నంత ఓపికగా దానిమీద ధార పోస్తూ నిలబడతాడు. ఒకప్పుడు అందరూ తలా ఒక వంట తెచ్చుకునే ప్రతి పాట్‌లక్‌ విందులోనూ తన కారు గురించి, "పొగే రాదండీ, నీళ్లొస్తాయంతే!" అని ఊదరగొట్టినవాడే. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు స్టేషన్ మూత, మిగతా రోజులు గంటన్నర క్యూ.

మొన్న నీళ్లు పోస్తుండగా ఆఫీసులో తనతో పనిచేసే రాగిణి ఫోన్ చేసింది. "నేనూ హైడ్రోజన్ కారే కొందామనుకుంటున్నా. మీ మాట మీదే డిసైడ్ అవుతానండీ."

ఊడని నాజిల్‌ను ఒంటిచేత్తో గుంజుతూ, "కళ్లు మూసుకుని కొనెయ్యమ్మా," అన్నాడు ఉమాకాంత్. ఆ వెంటనే, "అయినా కొత్తదెందుకు? నాది ఇచ్చేస్తాలే," అన్నాడు.