గోడమేకుకు బిళ్ళ

గోదావరిఖనిలో మా బావది బొగ్గుగని పని. గనిలోకి దిగే ప్రతివాడూ తన బిళ్ళను పైన తగిలించి, తిరిగొచ్చాక తీసుకోవాలి. ఇంట్లో ఎవరు ఊరెళ్లినా బావ గోడమేకుకు అలాగే ఒక బిళ్ళ తగిలించేవాడు. చేరామన్న ఫోను వచ్చాకే తీసేవాడు. అది వేలాడినంతసేపూ అక్కకు అన్నం సయించేది కాదు.

నేను లండన్ బయల్దేరుతుంటే అడిగాడు, "హైదరాబాద్ నుంచి విమానంల ఎంతసేపు, బామ్మర్ది?"

"పది గంటలు బావా."

"షిఫ్టు కన్న ఎక్కువే. గంతసేపు కింద నేల లేకుంట ఎట్ల కూసుంటవ్? దిగంగనే ఫోన్ జెయ్యి."

దిగగానే చేశాను. అక్క ఎత్తింది.

"నీ బిళ్ళ నేనే తీసిన తమ్మీ. బావ పొద్దుగాల షిఫ్టుకు పోయిండు. అందరు పైకొచ్చిండ్రు. ఆయన బిళ్ళ ఇంక ఆడనే ఉన్నదట."