గ్యాస్ గోలీలు

మా మరిది ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. పెళ్ళికి ముందు నుంచే ఏవో మందులు మింగేవాడు. అడిగితే మా అత్త, "గ్యాస్ గోలీలు" అనేది. మైలార్‌దేవ్‌పల్లి నుంచి చిన్నకోడలిగా వచ్చిన పిల్లకు కడుపు పండి, దవాఖానాలో రక్తపరీక్ష చేస్తేగానీ ఆ గ్యాస్ పేరు హెచ్‌ఐవీ అని నాకూ తెలియలేదు, ఆ పిల్లకూ తెలియలేదు. తల్లీకొడుకులకు మాత్రం ముందే తెలుసు. తెలిసే పెళ్ళి చేశారు. ఆ మందులైనా రోజూ వేసుకుని, డాక్టరు చెప్పినట్టు జాగ్రత్త పడి ఉంటే ఆమెకు సోకేది కాదు. కానీ రెండు రోజులు మింగి నాలుగు రోజులు మానేసే మహానుభావుడాయె!

దవాఖానాలో డాక్టర్ మేడమ్ మా తోడికోడళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "రోజూ గోలీ వేసుకోవాలె, ఒక్క పూట తప్పొద్దు. గట్లయితే బిడ్డకు రాకుండ కాపాడుకోవచ్చు. కలిసి తింటే, ముట్టుకుంటే రాదు."

ఇంట్లో మా అత్త వైద్యం వేరే. చిన్నకోడలికి వేరే పళ్ళెం, వేరే చెంబు, వేరే బకెట్ పెట్టింది. కొడుకు పళ్ళెం మాత్రం అందరి పళ్ళాలతోనే కడిగేది. ఇదేందత్తా అని అడిగితే, "వాడు మొగోడు, వానికేమైతది?" అంది. ఆమెతో వాదించడం కన్నా గోడతో మాట్లాడటం నయం.

శ్రీమంతానికి చుట్టాలొస్తున్నారు, ఎవరి కంటైనా పడితే పరువు పోతుందని, మా అత్త ఆ పిల్ల మందుల డబ్బాను సజ్జ మీద పాత గిన్నెల వెనక దాచేసింది. చుట్టాలు పోయేదాకా వేసుకోవద్దట! ఇక ఫంక్షన్ హాల్లో చూడాలి ఆమె నటన. ఇంట్లో ఆ చెంబు ముట్టని చేత్తోనే కోడలి చెంపలకు పసుపు రాసింది, గాజులు తొడిగింది, లడ్డూ తినిపించి మిగిలిన ముక్క తన నోట్లో వేసుకుంది. చుట్టాల ముందు రోగం అంటదు కాబోలు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను గాజులు తొడగడానికి వంగితే ఆ పిల్ల నా చెవిలో, "అక్కా, నిన్నటి గోలీ కూడ వేసుకోలె. నా బిడ్డకేమన్న అయితదా?" అంది.

ఆటోలో ఇంటికి పోయి, స్టూలెక్కి, డబ్బా తెచ్చాను. అందరి ముందే గోలీ, మంచినీళ్ళు చేతికిచ్చాను. "ఏం గోలీ గది?" అంది ఓ పెద్దావిడ.

"గ్యాస్ గోలీ" అన్నాను మా అత్త మొహంలోకి చూస్తూ. ఆ రోజు నుంచి డబ్బా నా బీరువాలోనే.

ఆడపిల్ల పుట్టింది. మేడమ్ ఇచ్చిన సిరప్ తాగించాం, చెప్పినప్పుడల్లా పరీక్షలకు తీసుకుపోయాం. పిల్ల నడక నేర్చాక చేసిన ఆఖరి పరీక్షలో ఏమీ లేదన్నారు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

మా అత్త స్వీట్లు పంచింది. "మా రక్తం గట్టిది. గందుకే రాలె" అని వాకిట్లో ఒకటే గొప్పలు. ఇంతలో పిల్ల అన్నం తింటున్న తల్లి దగ్గరికి పరుగెత్తితే రెక్క పట్టి లాగింది. "ఇగ దాని దగ్గరికి పోకు, అంటుకుంటది."

ఇన్నాళ్ళూ నోరెత్తని మా తోడికోడలు లేచి బిడ్డను లాక్కుంది.

"కడుపుల మోసిన, పాలిచ్చిన. అప్పుడంటనిది ఇప్పుడంటుతదా? గట్టిది మీ రక్తం కాదత్తమ్మా, నేను మింగిన గోలీలు."

బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ వేరే పళ్ళెంలోంచే ముద్ద కలిపి పెట్టింది.