చెవిగారి చివరి జత

ఆ కొట్లో ఆయన్ని అందరూ చెవిగారు అనేవారు. ఎదురుగానే అనేవారు, ఆయనా పలికేవాడు. సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు తప్ప అసలు పేరు ఆయనకే గుర్తొచ్చేది కాదు.

కొట్టు అమ్మేది చెవిలో దూర్చుకుని పాటలు వినే ఇయర్‌ఫోన్లు. రోడ్డు పక్క కుప్పపోసి అమ్మే రకం కాదు. వేదిక మీద పాడేవాళ్లు తమ గొంతు తమకు వినబడడానికి పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్లు. బఠాణీ గింజంత ఉంటాయి, ధర వింటే కళ్లు బైర్లు కమ్ముతాయి. అంత పోసి కొనేవాడు ఊరికే కొంటాడా? నాలుగైదు జతలు ముందేసుకుని, ఒకటి పీకి ఇంకోటి పెట్టి, ఒకే పాటను అరిగిపోయేదాకా వింటాడు. అందుకని కొట్టు వెనక ఒక చిన్న గది ఉంది. గోడలకు మెత్తటి గుడ్డ, రెండు కుర్చీలు, బల్ల మీద స్పిరిట్ సీసా, పక్కన దూది చుట్ట. ఒకరి చెవిలోంచి తీసిన రబ్బరు మొనను తుడవకుండా మరొకరి చెవిలో పెట్టకూడదు గదా. ఆ తుడిచే పనీ, ఏ జత ఎవరికి నప్పుతుందో చెప్పే పనీ చెవిగారివే.

ఆయనకో పద్ధతుంది. గ్రాఫులూ అంకెలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే కుర్రాళ్లను కూడా ముందు ఒకటే అడిగేవాడు. "చిన్నప్పుడు మీ ఇంట్లో పాట ఎక్కణ్ణుంచి వినబడేది బాబూ?"

తండ్రి నడిపే బస్సులో వెనక సీటు మీద, స్పీకరు పక్కన పెరిగినవాడికి మోత గుండెల్లో తగలాలి. పిన్ని వయొలిన్ పాఠాలు చెబుతుంటే గుమ్మంలో కూర్చుని విన్న అమ్మాయికి తీగ మీద కమాను రాపిడి కూడా వినబడాలి. ఇలా లెక్క వేసి జత తీసేవాడు. చాలాసార్లు గురి కుదిరేది. కుదరకపోతే మాత్రం తగ్గేవాడు కాదు. "మీ జ్ఞాపకమే తప్పేమో చూసుకోండి" అని దబాయించేవాడు. మనిషి మంచివాడేగానీ కాస్త మొండిఘటం.

ఆ రోజుతో ఆయన ఉద్యోగం అయిపోతుంది. పొద్దున్నే యజమానురాలు వచ్చి, "బాబాయ్, ఇవాళ కొట్లో మీకు నచ్చిన జత తీసుకెళ్లండి. ఎంతదైనా సరే, నేనేమీ అనుకోను" అంది. అప్పట్నుంచీ గదిలోనే ఉన్నాడు. ఊరందరికీ జతలు కుదిర్చిన పెళ్లిళ్ల పేరయ్యకు తన సంబంధం దగ్గరికొచ్చేసరికి ఏదీ ఆనలేదు.

ఆయన వెతుకుతున్నది ఒకే ఒక్క శబ్దం. వాళ్లమ్మ బట్టలు కుట్టేది. ముందుగది నిండా గుడ్డముక్కలు, గోడవారన కుట్టుమిషను, దాని వెనక అలమరలో రేడియో. పసివాడిగా ఉన్నప్పుడు ఆయన మిషను పక్కనే గుడ్డల కుప్ప మీద పడుకుని పాటలు వినేవాడు. పాటకు అంచులుండేవి కావు. ఎక్కడో లోపల్నుంచి మెత్తగా వచ్చేది, దాని అడుగున మిషను చప్పుడు. అమ్మ పాదాలు కళ్లెదుట ఆడుతుండేవి. ఆ హాయి మళ్లీ ఏ రేడియోలోనూ, ఏ టేపులోనూ దొరకలేదు. నిజం చెప్పాలంటే, ఎప్పటికైనా ఏదో ఒక జతలో అది దొరక్కపోతుందా అనే ఆయన ఈ కొట్లో చేరాడు. ఇవాళ దాటితే ఇన్ని జతలు మళ్లీ ఎవరిస్తారు? అమ్మ మిషను గది ఇక వినబడదేమోనని దిగులు పట్టుకుంది.

మధ్యాహ్నం వాళ్లక్క వచ్చింది, తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్దామని.

"ఇంకా తెమల్లేదా?"

"కూర్చో అక్కా. రెండు జతలు పెడతాను, మన రేడియోకు ఏది దగ్గరో చెప్పు."

అమ్మకు ఇష్టమైన పాత పడవ పాట పెట్టాడు. మొదటి జత మెత్తటిది. తను వెతికేదానికి కాస్తో కూస్తో దగ్గరగా ఉన్నది అదే. అక్క మొహం చిట్లించింది. "ఇదేంట్రా, పాడేవాణ్ణి గోనెసంచిలో కుక్కినట్టున్నారు."

రెండోది పదునైనది. పొద్దున్నే పక్కన పడేశాడు దాన్ని. అది పెట్టగానే అక్క కదలకుండా కూర్చుంది. కాసేపటికి మోకాలి మీద వేళ్లు తాళం వేయసాగాయి.

"ఇదీ మన రేడియో."

"కాదక్కా. మనది మెత్తగా ఉండేది."

"మెత్తగానా? సూదిలా ఉండేది. పాడేవాడు ఊపిరి తీసుకోవడం కూడా వినబడేది నాకు."

"నీ జ్ఞాపకమే తప్పు" అన్నాడు చెవిగారు, కొట్లోకి వచ్చినవాళ్లతో అన్నట్టే. అని, ఆవిడ తీసిచ్చిన జతను తుడవడానికి అలవాటుగా దూది తెంపాడు. అక్క చూపు ఆ దూది మీద ఆగింది.

"అదేరా," అంది. "నీకు చిన్నప్పుడు చెవిపోటు. గాలి తగిలితే చాలు, గుక్కపట్టి ఏడ్చేవాడివి. అమ్మ రెండు చెవుల్లోనూ దూది కుక్కి, తన పక్కనే పడుకోబెట్టుకునేది. బళ్లో వేసేదాకా నీ చెవుల్లో దూది తీసింది లేదు. గుర్తులేదూ?"

ఆయనకు నొప్పి గుర్తులేదు. మెత్తదనం ఒక్కటే గుర్తుంది.

"మరి నీకు అంత స్పష్టంగా ఎలా వినబడింది?"

"నీకు నొప్పని రేడియో పెంచనిచ్చేది కాదుగా. నేను అలమరలో తల పెట్టి, రేడియోకు చెవి ఆనించి వినేదాన్ని." నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పింది, అంతే.

చెవిగారు లేచాడు. చేతిలో దూదిని రెండు ఉండలు చేసి చెవుల్లో పెట్టుకుని, కొట్టు ముందువైపుకు వెళ్లి, కౌంటరు మీదున్న మామూలు స్పీకర్లో పడవ పాట పెట్టమన్నాడు. యజమానురాలు వింతగా చూసినా పెట్టింది.

పాట అంచులు పోయి వచ్చింది. అదే. మిషను చప్పుడు లేదుగానీ పైన ఫ్యాను ఎంతో కొంత ఆ లోటు తీర్చింది. గుడ్డల వాసన కూడా వచ్చినట్టనిపించింది. రోజూ తన వేళ్లతో తెంపి, తుడిచి, బుట్టలో పారేసిన దూదిలోనే ఉందా ఇదంతా? కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ వేళ్లు జ్ఞాపకమొచ్చి కళ్లవెంట నీళ్లు కారిపోయాయి, తుడుచుకోలేదు.

పాట అయ్యాక వెనక గదిలోకి వెళ్లాడు. అక్క ఆ పదునైన జత మళ్లీ పెట్టుకుని, తల కాస్త పక్కకు వంచి, కళ్లు మూసుకుని వింటోంది. దేనికో చెవి ఆనించినట్టే ఉంది. ప్లేయరు వైపు చూశాడు. సౌండు దాదాపు అడుగున ఉంది. అంత చిన్నగా పెడితే ఆ వయసులో ఎవరికైనా ఏం వినబడుతుంది?

భుజం తట్టాడు. అక్క ఒక చెవిది తీసింది.

"ఇంత తగ్గించుకున్నావేం?"

"అలవాటురా."

చెవిగారు గుమ్మంలోకి తల పెట్టి, "అమ్మాయ్, ఈ జత అక్కకి" అని యజమానురాలికి చెప్పాడు. అక్క వద్దనబోతుంటే, తీసిన దాన్ని తనే మళ్లీ ఆవిడ చెవిలో సర్ది, సౌండు పెంచాడు. అక్క ఉలిక్కిపడింది. కంగారుగా తమ్ముడి చెవుల వైపు చూసింది.

"దూది ఉందిలే" అని చెవులు చూపించి, ఇంకాస్త పెంచాడు.