గోంగూరలోకి, ఇద్దరికి

ఇంగ్లండులో నాకు నచ్చనిది చలి కాదు, ఫోను కార్డు. దాని వెనక అంకెల మీద వెండిరంగు పూత ఉండేది. మెల్లగా గోకితే పూత పోదు, గట్టిగా గోకితే అంకెలతో సహా పోతుంది. రెండువేల మూడులో నేను ఇంటికి తరచుగా ఫోను చేయకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదని మనవి.

కంపెనీ పని మీద అక్కడ ఉండగానే పెళ్ళి చేసుకుని భార్యను తీసుకెళ్ళాను. వాళ్ళ నాన్నకు చిలకలూరిపేటలో మాంసం కొట్టు. సంబంధం మాట్లాడేటప్పుడు ఆయన నా జీతం అడగలేదు, చదువు అడగలేదు. "కూర తెచ్చుకోవడం వచ్చా?" అన్నారు. నవ్వి, వచ్చన్నాను. చిన్నప్పటినుంచీ ఆయన కొట్టుకు వెళ్తున్నవాణ్ణే.

అయితే ఆ కొట్లో ముక్క పేరు చెప్పి అడిగినవాళ్ళు ఎవరూ లేరు. ఏం వండుతున్నారో, ఎంతమందికో చెప్పాలి, అంతే. "గోంగూరలోకి, ఐదుగురికి" అంటే ఆయన కత్తి దానంతటదే ఎక్కడికో వెళ్ళేది. మా నాయనమ్మకు పళ్ళు లేవని ఆయనకు తెలుసు, ఆమెకు వేరే పొట్లం కట్టేవారు. ఇదంతా మెల్లగా చెప్పాలి. పెద్దమాంసం సంగతి మా వీధిలో గొంతు పెంచి మాట్లాడరు. పొట్లం సంచి అడుగున పెట్టి, పైన తోటకూర కట్ట వేసుకుని వచ్చేవాణ్ణి. మాకు తోటకూరంటే ప్రాణమని వీధంతా అనుకున్నట్టు నటించేది.

బక్రీదు వారం ఉందనగా మా ఆవిడ, పుట్టింట్లో పండక్కి వండే గోంగూర మాంసం వండుతానంది. పండగరోజు వాళ్ళ నాన్నకు ఫోను చేయాలి, ఏం వండావని ఆయన అడుగుతారు. ఏం చెప్పాలన్నది ఆమె దిగులు. కూర తెచ్చుకోవడం వచ్చన్న నా మాట ఏమవుతుందన్నది నా దిగులు.

ముందు ఒకసారి వండి చూద్దామని అక్కడి హలాల్ మాంసం కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన పాకిస్తానీ పెద్దాయన. మేము ఇంట్లో తెలుగే మాట్లాడే సాయిబులం; నా ఉర్దూ సలాముతో మొదలై సలాముతోనే అయిపోతుంది. అలవాటు కొద్దీ అటూ ఇటూ చూసి, బల్ల మీదికి వంగి, ఇంగ్లీషులో గుసగుసగా "గోంగూరలోకి, ఇద్దరికి" అన్నాను.

ఆయన కూడా తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "పోలీసులేమైనా వెంటపడ్డారా నాయనా?"

గోడ మీద ఎద్దు బొమ్మ ఉంది. జిల్లాల పటంలా గీతలు గీసి చక్, బ్రిస్కెట్, సిల్వర్‌సైడ్ అని పేర్లు రాశారు. పేరు బాగుందని సిల్వర్‌సైడ్ తెచ్చాను.

మూడు గంటలు ఉడికించాం. పేట నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి అందులో కరిగిపోయింది గానీ, ముక్క పట్టిన పట్టు విడవలేదు. మా ఆవిడ చాలాసేపు నమిలి "పర్లేదండీ" అంది. ఆమె పర్లేదంటే నాకు భయం.

"పోనీ, ఏది తేవాలో నువ్వే చెప్పు. మాంసం కొట్టాయన కూతురివి."

"నాన్న పంపింది వండటమే గానీ నాకేం తెలుసు? మీరు కంప్యూటర్ల కంపెనీలో ఉన్నారుగా, మొన్న టీవీ పాడైతే బాగుచేశారా?"

మర్నాడు ఆమె స్నానానికి వెళ్ళగానే పాత కార్డులో మిగిలిన నిమిషాలతో మామగారికి ఫోను చేశాను.

"ఊరికే అడుగుతున్నా మామయ్యగారూ, గోంగూరలోకి మీరు ఏ ముక్క కొడతారు?"

"ఎవరింటికి?"

"ఎవరో ఒకరింటికి. ఇద్దరు ఉంటారు."

"పళ్ళున్నాయా?"

"ఉన్నాయండి. ఇద్దరికీ."

"పిక్క కొట్టించండి. ముందుకాలిది. మూలుగ పోకుండా ఎముకతో అడ్డంగా కొట్టమనండి. నిదానంగా ఉడకాలి. కంగారు మనుషులైతే తినొద్దని చెప్పండి."

ఇంకేదో అడగబోతే, కార్డులో ఒక నిమిషమే మిగిలిందని ఎవరో అమ్మాయి ఇంగ్లీషులో అడ్డొచ్చింది.

పండగ ముందురోజు కొట్టు కిటకిటలాడుతోంది. పిక్కను ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు, గోడ మీది ఎద్దుకు మోకాళ్ళ కింద పేర్లు లేవు. నా వంతు రాగానే ప్యాంటు మోకాలిదాకా మడిచి, కాలెత్తి పిక్క చూపించాను. ముందుకాలని చెప్పడానికి రెండు చేతులూ బల్ల మీద ఆనించి వంగాను. వెనకున్నవాళ్ళు సర్దుకుని దారిచ్చారు.

"షిన్!" అని బల్ల చరిచాడు పెద్దాయన. "మేం బోంగ్ అంటాం. మొన్ననే ఇలా నిలబడితే సరిపోయేది కదా!" ఈసారి ఆయన గొంతు తగ్గించలేదు.

పండగనాడు ముక్క వేలితో నొక్కితే విడిపోయింది. ఎముకలోంచి మూలుగ పీల్చి మా ఆవిడ కళ్ళు మూసుకుంది, పర్లేదని మాత్రం అనలేదు. వాళ్ళ నాన్నకు ఫోను కలిపి స్పీకరు నొక్కింది.

"ఏం వండావమ్మా?"

"గోంగూరలో పిక్క, నాన్నా. ఈయనే తెచ్చారు. అచ్చం మన కొట్లోదే!"

నేను గొంతు సవరించుకుని ముందుకు జరిగాను. "మీరు అప్పుడు అడిగారు కదా మామయ్యగారూ, కూర తెచ్చుకోవడం వచ్చా అని."

"అది సరేగానీ అల్లుడుగారూ, నన్నడగకముందు తెచ్చిన ముక్క మా అమ్మాయి చేతే తినిపించారా?"