మెరవని భుజాలు

టోంగా దీవుల్లోని మా కొలోవాయిలో ఎవరినైనా "ఒళ్లు చేశావే!" అంటే అది మెచ్చుకోలు. లెసియేలి ఇరవయ్యేళ్లు ఆ మెచ్చుకోలు వింటూ పెరిగింది. ఇరవై ఒకటో ఏట అదే మాట ఆమెకి తిట్టులా వినబడటం మొదలైంది.

కారణం చేతిలోని ఫోను. ఆక్లాండులో ఉండే ఒకమ్మాయి రోజూ పొద్దున్నే బనీను పైకెత్తి చదునైన పొట్ట చూపించేది. ఏ తెల్లపిల్లో అయితే లెసియేలి నవ్వి ఊరుకునేది. ఈమె మన టోంగా పిల్లే. "నేనూ మీలాగే ఉండేదాన్ని" అనేది. ఆ ఒక్క ముక్కకి మా పిల్ల పడిపోయింది.

అలా ఏడు నెలలు గడిచాయి. రేవులో గుమాస్తా పని నుంచి రాగానే గది తలుపేసుకుని ఆ ఫోను పిల్లని చూస్తూ గెంతేది. రాత్రి చేమదుంపలు, కొబ్బరిపాలల్లో ఉడికిన చేప పళ్లెంలో పెట్టించుకుని, "గాలికి తింటానమ్మా" అని పెరట్లోకి పోయేది. పెరట్లో చెవి చిరిగిన పందిపిల్ల ఒకటి ఆమె అడుగుల చప్పుడికే లేచి నిలబడటం నేర్చుకుంది. జుట్టు దువ్వెనతో ఊడివచ్చింది. నెలసరి ఆగిపోయింది. చర్మం పొట్టుపొట్టుగా రాలింది. పొడుగు గౌను మీద నడుముకి రెండు చుట్లు చాప చుట్టుకునే మా ఆడవాళ్లలో ఎవరు చిక్కారో ఎవరికి తెలుస్తుంది? తల్లి ఆకాతా ఒకసారి "మొహం పీక్కుపోయిందేమే?" అంటే, "రేవులో ఎండమ్మా" అంది. తల్లి నమ్మేసింది.

అంతలో మేనత్త ఫుసిపాలా కొడుకు పెళ్లి వచ్చింది. మేనత్త మాటకి ఇంట్లో తండ్రే తల వంచుతాడు. ఆవిడ కొడుకు పెళ్లిలో తమ్ముడి కూతురు నాట్యం చెయ్యాలి. ఆ రోజు కోసం లెసియేలి పదో ఏటి నుంచి చేతులు తిప్పడం నేర్చుకుంది. ఈ ఆకలంతా ఆ రోజు సన్నగా కనబడాలనే.

పెళ్లిరోజు లోపలి గదిలో ఆమెకి చెట్టు బెరడుతో చేసిన నాట్యపు బట్ట కట్టి, భుజాలకి సువాసన కొబ్బరినూనె పట్టించారు. ఎండిన చర్మం దాన్ని తాగేసింది. రెండోసారి పట్టించారు. అదీ ఇంకిపోయింది. నలుగురు ఆడవాళ్లూ మొహాలు చూసుకున్నారు. ఆడే పిల్ల ఒంటి మీద నూనె తళతళలాడాలి. లేదంటే పిల్ల మగవాణ్ణి ఎరిగిందని మా పెద్దల లెక్క. ఈ లెక్క పుట్టించినవాడి నోరు పడిపోను!

"ఎవడే వాడు?" అంది ఫుసిపాలా.

"ఎవడూ లేడత్తా. ఏడు నెలలుగా తినడం మానేశాను. అంతే."

"తినడం మానేశావా? మా తమ్ముడింట్లోనా? అబద్ధమైనా కాస్త అతికేట్టు చెప్పవే! ఏం ఆకాతా, నీ కూతురికి తిండి పెట్టడం లేదా?"

"పెడుతున్నాను వదినా. పళ్లెం ఖాళీ చేసే తెస్తుంది."

తల్లి ఉన్నదే చెప్పింది. కూతురు మునిగింది.

"విప్పండా బట్ట. పక్కింటి వీకాకి కట్టండి, అదే ఆడుతుంది" అంది ఫుసిపాలా.

విందులో లెసియేలి తల్లి పక్కన తల దించుకుని కూర్చుంది. బల్ల మీదికి కాల్చిన పంది వచ్చింది. తోలు అద్దంలా మెరుస్తోంది.

"మీ పందేగా ఇది? ఏం పెట్టి పెంచావే ఆకాతా? ఎంత నిగనిగలాడుతోందో!" అంది పక్కనే కూర్చున్న ఫుసిపాలా.

"అన్నిటికీ పెట్టిందే వదినా, కొబ్బరి..." ఆకాతా ఆగిపోయింది. చిరిగిన చెవి కనబడింది. ఆ ఈతలో మిగతా పిల్లలు దీనిలో సగం లేవు. కూతురి వైపు తిరిగింది. "వదినా, ఇది తిన్నది నా కూతురి కూడు."

ఫుసిపాలా కొవ్వుతో సహా ఒక ముక్క కోసి లెసియేలి ముందు పెట్టింది. "ఏడు నెలల ఆకలైతే ఆవురావురుమని తినాలిగా. తిను. నమ్ముతాను."

ఒక్క ముక్క మింగితే పేరు దక్కుతుంది. లెసియేలి దాన్ని తీసుకుంది. పెదాల దాకా తెచ్చింది. నోరు తెరుచుకోలేదు. అలవాటైన చెయ్యి తనంతట తనే బల్ల కిందికి జారింది, అక్కడేదో పంది కాచుకుని ఉన్నట్టు.

ఫుసిపాలా వంగి ఆ చేతిని పట్టుకుంది. ఆవిడ వేళ్లు మణికట్టు చుట్టూ తిరిగి ఒకదాని మీదొకటి ఎక్కాయి.

"అయ్యో, నా తమ్ముడి బిడ్డా!" అంది.

అవతల పాట మొదలైంది. నూనెతో మెరిసే వీకా భుజాలకి జనం మెచ్చుకుంటూ డబ్బు నోట్లు అంటిస్తున్నారు. ఫుసిపాలా "ఎవడే వాడు" అన్న తన మాట వెనక్కి తీసుకుందామని లేచి చుట్టూ చూసింది. లోపలి గదిలో నూనె పట్టించిన నలుగురు ఆడవాళ్లూ అప్పటికే నాలుగు బల్లల దగ్గర కూర్చుని ఉన్నారు. ప్రతి బల్ల దగ్గరా జనం తలలు దగ్గరికి చేర్చి, లెసియేలి వైపే చూస్తున్నారు.