మా ఇంటి పిండి, అంగడి మిషన్

మా పెద్దనాయనను జొన్నరొట్టె తినమని ఒక డాక్టరు చెప్పాడు. మా అమ్మను జొన్నరొట్టె తట్టవద్దని ఇంకో డాక్టరు చెప్పాడు. ఇద్దరి ఆసుపత్రులూ హిందూపురంలో ఒకే వీధిలో ఉండేవి. వాళ్ళు ఎప్పుడైనా కలిసి కాఫీ తాగి ఉంటే మా ఇంటికి కొంత మేలు జరిగేదేమో. తాగినట్టు లేదు.

తొంభైల చివరి మాట ఇది. పెనుకొండలో మాది పెద్ద సంసారం. పెద్దనాయన, నాయన, చిన్నాయన, వాళ్ళ పిల్లలం, అవ్వ, చూసిపోదామని వచ్చి నెలల తరబడి ఉండిపోయే చుట్టాలు. రాత్రి భోజనానికి ఎంతమందో అందరూ కూర్చున్నాక గానీ తెలిసేది కాదు. చక్కెర జబ్బు పెద్దనాయన ఒక్కడికే. రొట్టె మాత్రం ఆయన మీద సానుభూతితో అందరం తినేవాళ్ళం. ఆ సానుభూతి చిన్నాయనలో మరీ ఎక్కువగా ఉండేది. రెండోసారి వడ్డించినా వద్దనేవాడు కాదు.

ఆ రొట్టెలన్నీ తట్టేది అమ్మ కుడిచెయ్యి. పెద్దమ్మ అప్పటికే పోయింది. అవ్వ చేతులు వణికేవి. చిన్నమ్మది మడకశిర వైపు. సంగటి కెలకమంటే ఊరికంతా సరిపడా కెలుకుతుంది గానీ జొన్నపిండి ఆమె మాట వినదు. తట్టేకొద్దీ అంచులు చీలి, పెనం చేరేలోగా రొట్టె కాస్తా ముక్కలయ్యేది.

అమ్మ మణికట్టు వాచిన సంగతి మాకు చెంబు జారి పడ్డప్పుడు తెలిసింది. అప్పటికే చాలా రోజులైందని అవ్వ చెప్పింది. ఎముకల డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, లోపల నరం నలిగిపోతోందన్నాడు. మూడు నెలలు ఈ చెయ్యికి పని చెప్పకుంటే దానంతట అదే సర్దుకుంటుందట. చెప్తే కొయ్యాల్సి వస్తుందట, అదీ బెంగళూరులో. అమ్మ తల ఊపింది. ఇల్లు చేరాక పొయ్యి ముందు కూర్చొని ఎడమ చేత్తో తట్టడం మొదలుపెట్టింది.

పెద్దనాయన అది చూసి, రేపటి నుంచి తనకు అన్నమే పెట్టమన్నాడు. పెట్టారు. నాలుగు రోజులకు చేనుగట్టున కళ్ళు తిరిగి కూలబడ్డాడు. ఆయనను మంచం మీద పడుకోబెట్టేసరికే అమ్మ మళ్ళీ పిండి కలిపింది, ఈసారి కుడిచేత్తోనే. నొప్పి వచ్చినప్పుడల్లా ఆగి, చెయ్యి నీళ్ళలో ముంచి, మళ్ళీ తట్టేది. బెంగళూరు అనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు గానీ అందరి మనసులోనూ అదే ఉంది.

రొట్టె మిషన్ కొందామన్నది నేనే. హిందూపురంలో డిగ్రీ చదివి ఉన్నాను కాబట్టి ఏది కొనాలో తేల్చే పని కూడా నాకే అప్పగించారు. బి.కాం.లో రొట్టెల గురించి ఏమీ చెప్పరు. ఆ మాట నేను బయటపెట్టలేదు.

హిందూపురం బజారులో ఒక అంగట్లో కరెంటు రొట్టె మిషన్ చూపించారు. గుండ్రటి పళ్ళేలు రెండు ఒకదాని మీద ఒకటి. నడుమ ఉండ పెట్టి మూత నొక్కితే రొట్టె పలచగా సాగి, కాలి, బుడగలా పొంగింది. నేను ఇంటికొచ్చి ఆ పొంగడాన్ని కొంచెం పెంచే వర్ణించాను. అందరూ సంతోషించారు. పెద్దనాయన ఒక్కడే మంచం మీద లేచి కూర్చొని అడిగాడు.

"ఏ పిండితో చేసి చూపించినారు?"

"గోధుమపిండి అనుకుంటా."

"వాళ్ళ పిండితో వాళ్ళ మిషన్ బాగానే చేస్తాదిలే. మన పిండితో చేయల్ల కదా."

ఆయన ఎద్దుల బేరాల్లో పేరు పడిన మనిషి. సంతలో ఎద్దు ఎంత ముచ్చటగా నిలబడినా, తన బండికి కట్టి, తన బరువు వేసి, ఇసుకలో లాగించి చూసేదాకా ధర అడిగేవాడు కాదు. మిషన్‌కూ అదే పద్ధతి అన్నాడు. అలా ఒక ఉదయం పెద్దనాయన, చిన్నాయన, నేను టిఫిన్ క్యారియర్ నిండా జొన్నపిండి, ఫ్లాస్కు నిండా ఉడుకు నీళ్ళు పట్టుకొని హిందూపురం బస్సెక్కాం. ఉడుకు నీళ్ళు పోయకుంటే జొన్నపిండి కలవదు. చూసేవాళ్ళు మాత్రం ఆసుపత్రికి పోతున్నామనుకొని సీటు ఇచ్చారు. తీసుకున్నాం.

అంగట్లో పెద్దనాయన క్యారియర్ మూత తీసి నేల మీద కూర్చున్నాడు. యజమాని లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, అంగట్లో పిండి పిసుకుతాండావు?"

"మిషన్ కొనేకి వచ్చినాం. నీ మిషన్ మా పిండి తింటాదో లేదో చూసి దుడ్లు ఇస్తాం."

"పొద్దున మొదటి బేరమప్పా. ఖరాబు చేయొద్దు."

"బాగుంటే నీ మిషన్ ఎందుకు ఖరాబు అవుతాది?"

యజమాని మిషన్ స్విచ్చి వేశాడు. ఉండ పెట్టి మూత నొక్కాడు. ఎత్తి చూస్తే సగం రొట్టె పైపళ్ళేనికి, సగం కిందిపళ్ళేనికి అతుక్కుంది. అంచులు విడిగా రాలాయి. ఇంకోటి చేశాడు. అది మొదటిదానికంటే న్యాయంగా, మూడు సమభాగాలుగా విరిగింది.

"మీ పిండిలో జిగి లేదు" అన్నాడు యజమాని.

"జిగి ఉంటే చేతికే వస్తుండె, నీకాడికి ఎందుకొస్తాం?" అన్నాడు పెద్దనాయన. పళ్ళేలు గీకి శుభ్రం చేసి ఇచ్చే బయటికొచ్చాం. మర్యాద మర్యాదే.

తర్వాత ధర్మవరం. పట్టుచీరల ఊరు కాబట్టి పెళ్ళిళ్ళ కోసం వచ్చేవాళ్ళకు లోటు లేదు, వాళ్ళకు వండిపెట్టేవాళ్ళకూ లోటు లేదు. అక్కడ ఒక వంటల కాంట్రాక్టరు తన పాత రొట్టె మిషన్ అమ్ముతున్నాడని చిన్నాయన విని వచ్చాడు. పోయి చూస్తే అది షెడ్డులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంది. ఒక కొసన పిండి వేస్తే రెండో కొసన రొట్టెలు వరసగా వచ్చి పడతాయట.

"ఇంటికా, హాస్టలుకా?" అని అడిగాడు కాంట్రాక్టరు.

"ఇంటికే" అన్నాను.

ఆయన మా ముగ్గురినీ మళ్ళీ ఒకసారి చూశాడు. "త్రీఫేజ్ కరెంటు ఉండాదా?"

మాకు త్రీఫేజ్ బోరుబావి దగ్గర ఉంది. ఆ కరెంటు దానికి తోచినప్పుడు వచ్చి, తోచినప్పుడు పోయేది. అప్పుడు చేనుకు నీళ్ళు పెట్టాలా, రొట్టెలు కాల్చాలా అన్న ప్రశ్న వస్తుంది. పెద్దనాయన మిషన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చాడు.

"ఇది మన ఇంట్లో పట్టదబ్బా. మనమే వచ్చి దీంట్లో కాపురం ఉండల్ల" అన్నాడు.

జొన్నపిండి క్యారియర్ మూత కూడా తీయకుండా తిరిగొచ్చాం. అమ్మ గడపలోనే ఎదురొచ్చింది. మా మొహాలు చూసి, పిండి క్యారియర్ అందుకొని పొయ్యి దగ్గరికి పోయింది. ఆ పిండినే కలిపింది. మణికట్టు వాపు ముంజేయి దాకా పాకింది. ఆ రాత్రి మా అందరి సానుభూతి బాగా తగ్గిపోయింది. చిన్నాయన ఒక్క రొట్టెతో లేచాడు.

దొరికింది మాత్రం మళ్ళీ హిందూపురంలోనే, పాత్రల అంగట్లో. పెద్దనాయనకు మందులు కొనుక్కొని నేనూ చిన్నాయనా బస్టాండుకు నడుస్తుంటే గుమ్మం పక్కన ఇనుప మిషన్ ఒకటి కనిపించింది. హోటళ్ళలో పూరీలు ఒత్తేదానికి వాడేది. కింద ఒక బిళ్ళ, పైన ఒక బిళ్ళ, నొక్కేదానికి పొడుగాటి పిడి. కరెంటు లేదు, పొంగడం లేదు, వర్ణించేందుకు ఏమీ లేదు. అప్పటికి క్యారియర్, ఫ్లాస్కు లేకుండా బయలుదేరడం మానుకున్నాం కాబట్టి పిండి మా దగ్గరే ఉంది. పాత్రలాయన పాలప్యాకెట్ కవరు ఒకటి కోసి, దాని మడతలో ఉండ పెట్టమన్నాడు. చిన్నాయన పిడి నొక్కాడు. కవరు విప్పితే రొట్టె గుండ్రంగా ఉంది. చిన్నదే, కొంచెం మందమే, కానీ ఒక్క చీలిక లేదు.

చిన్నాయన ఇంకోటి నొక్కాడు. తర్వాత ఇంకోటి. పాత్రలాయన నెమ్మదిగా పిడి మీద నుంచి ఆయన చెయ్యి తీశాడు. "కొంటే ఇంటికాడ నొక్కుకో నాయనా" అన్నాడు. కొన్నాం.

ఆ సాయంత్రం మిషన్‌ను వంటింట్లో బండ మీద పెట్టాం. అవ్వ మొదటి రొట్టె చేతిలోకి తీసుకొని, వెనకా ముందూ చూసింది.

"ఇది రొట్టెనా, బిళ్ళనా?"

"తిని చెప్పవ్వా" అన్నాడు చిన్నాయన.

తిన్నది. చెప్పలేదు. ఇంకోటి అడిగింది. మా ఇంట్లో అది ప్రశంసాపత్రం కింద లెక్క.

చిన్నమ్మ నొక్కుదామని పిడి మీద చెయ్యి వేయబోయింది. చిన్నాయన అడ్డం వచ్చాడు. "ఉండు ఉండు, ఇది మిషన్. బలం చూసి నొక్కల్ల. ఆడోళ్ళకు చేతకాదు."

చిన్నమ్మ నోరు తెరవబోయింది. అమ్మ ఆమె మోచేతిని ఎడమ చేత్తో మెల్లగా తాకి, చాలా వినయంగా అంది. "నిజమే మరిదీ. మాకు యాడ చేతనవుతాది. నువ్వే నొక్కు."

చిన్నాయన నొక్కాడు. కాసేపటికి నాయన వచ్చి, నువ్వు ఒక పక్కకే ఒత్తుతున్నావు, జరుగు అన్నాడు. మర్నాడు వరసలో నేను, నా వెనక మా అన్న. చేత్తో తట్టినంత కాలం ఆ వంటింటి గడప తొక్కని మగవాళ్ళం, పిడి ఒకటి కనిపించేసరికి వంతులు వేసుకున్నాం. పిండి కలపడం కూడా యంత్రంలో భాగమేనని అమ్మ చెప్పింది. సాంకేతిక విషయం కాబట్టి ఒప్పుకున్నాం. పెనం మీద కాల్చేది చిన్నమ్మ. అమ్మ గోడకు ఆనుకొని కూర్చొని, కుడిచెయ్యి ఒడిలో పెట్టుకొని, ఇంకొంచెం ఉడుకు నీళ్ళు, ఇంకొంచెం ఒత్తండి అని పనిచేయించేది.

మూడు నెలల తర్వాత నేనే అమ్మను ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మణికట్టు వంచి చూశాడు, నొక్కి చూశాడు. తన రెండు వేళ్ళు చాపి, "పట్టుకోండమ్మా" అన్నాడు. పట్టుకుంది.

"ఇంకా గట్టిగా."

అమ్మ పట్టు బిగించింది.

"చాలు. చాలమ్మా. వదలండి." ఆయన చెయ్యి బల్ల కిందికి తీసుకొని కాసేపు అక్కడే ఉంచుకున్నాడు. తర్వాత, బెంగళూరు పోయే పని లేదన్నాడు.

బయటికొచ్చి నేను బస్టాండు వైపు తిరిగాను. అమ్మ తిరగలేదు. గాజుల అంగడికి పోదామంది. వాపు ఎక్కువైనప్పుడు ఆ చేతి గాజులు పగలగొట్టి తీశారు. మళ్ళీ వేసుకోలేదు. గాజులాయన ఆమె కుడిచేతిని తీసుకొని, వేళ్ళు దగ్గరికి చేర్చి, ఒక్కో గాజూ మణికట్టు దాటిస్తుంటే నేను అమ్మ మొహమే చూస్తున్నాను. నొప్పితో ఎక్కడా ముడత పడలేదు.

"చెయ్యి మెత్తగా ఉండాదమ్మా" అన్నాడు ఆయన. "పని చేసే చెయ్యి కాదే ఇది."

అమ్మ నా వైపు చూసి నవ్వింది. "మా ఇంట్లో మగోళ్ళు చేస్తారులేప్పా" అంది.